వీడియో కూర్పులో కృత్రిమ మేధ: గుణదోష విచారము

కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థమునకు పోయినవారు ఒక దృశ్యమును ఎన్నటికిని మరువలేరు. అంబాజీపేట మండలము మొసలపల్లి శివారున ఉన్న ఈ తోటకు చుట్టుపట్ల గ్రామముల నుండి పదకొండు ప్రభలు వచ్చి చేరును. వీరే ఏకాదశ రుద్రులు. వెదురు బొంగులతో ఎత్తుగా కట్టి, రంగురంగుల వస్త్రములు చుట్టి, పూలతో అలంకరించిన ఈ ప్రభలను మనుష్యులే భుజములపై మోసికొని వత్తురు. దారి పచ్చని వరిచేల మీదుగా సాగును. ప్రభ తన చేను తొక్కుకొని పోయినచో రైతు దానిని శుభముగనే భావించును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము ప్రభలకు ఎగువ కౌశిక అడ్డు వచ్చును. మోయువారు గట్టుపై నిలిచి, ఊపిరి కూడదీసికొని, ఒకరినొకరు చూచుకొని, 'శరభ, శరభ' అను కేకల నడుమ నీటిలోనికి దిగుదురు. దాటుట ఎంత చూడదగినదో, దాటుటకు ముందు గట్టుపై ఆ నిలుపును అంత చూడదగినది. చూచువారి గుండెలు కొట్టుకొనునది అప్పుడే.

2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటముగా ప్రదర్శింపబడినది ఈ ప్రభల తీర్థమే. నేడు ఈ తీర్థమును వేలాది చేతులలోని ఫోనులు చిత్రించుచున్నవి. పూర్వము ఇట్టి చిత్రములను కూర్చుటకు రోజులు పట్టెడిది. ఇప్పుడు కృత్రిమ మేధ గల పరికరమునకు అప్పగించినచో, గంట నిడివి గల చిత్రము నుండి నిమిషపు వీడియోను అది తానే ఏరి, కోసి, సంగీతము జోడించి చేతికిచ్చును. ఆ వీడియోలో నీరు చిమ్ముట ఉండును, కేకలు ఉండును, జనము ఉందురు. గట్టుపై నిలుపు మాత్రము తరచుగా ఉండదు. యంత్రము దృష్టిలో అది ఏమియు జరుగని సమయము.

ఇది చిన్న లోపమా, పెద్ద లోపమా? ఈ పరికరముల వలన కలుగు మేలు ఎంత, కీడు ఎంత? వీటిని ఎక్కడ వాడవలెను, ఎక్కడ వాడరాదు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనన్న ముందుగా కూర్పు అను పని యొక్క స్వరూపమును కొంత ఎరుగవలెను.

కత్తెర నుండి కంప్యూటరు వరకు

సినిమాలు ఫిలిముపై తీసిన కాలములో కూర్పు నిజముగా కత్తెర పనియే. సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచు 35 మిల్లీమీటర్ల ఫిలిము వేయి అడుగుల చుట్ట పదకొండు నిమిషములలో ముగియును. 1924లో రూపొందిన మూవియోలా అను యంత్రముపై ఆ చుట్టను నడిపి చూచుచు, వలసిన చోట కోసి, ముక్కలను అంటించెడివారు. తప్పుగా కోసినచో మరల అతుకవలెను. కావున కోయుటకు ముందు ఎంతో ఆలోచించెడివారు.

వీడియో టేపు వచ్చిన తరువాత కత్తెర పోయినది గాని కష్టము పోలేదు. ఒక టేపు నుండి మరొక టేపునకు వరుసగా నకలు తీయవలెను. నడుమ ఒక షాటు మార్చవలెనన్న దాని తరువాతి భాగమంతయు మరల ఎక్కింపవలసి వచ్చెడిది. నకలు తీసిన కొలది బొమ్మ మసకబారెడిది. 1989లో ఏవిడ్ సంస్థ కంప్యూటరుపై కూర్పు చేయు పద్ధతిని విపణిలోనికి తెచ్చిన పిమ్మట ఏ షాటునైనను ఎక్కడికైనను క్షణములో జరుపుట సాధ్యమయ్యెను.

అమలాపురము, రాజోలు, కొత్తపేట వంటి ఊళ్లలోని పెళ్లి వీడియో దుకాణములకు ఈ పద్ధతి కొంత ఆలస్యముగా చేరినది. అక్కడ ఈ పనికి ప్రజలు పెట్టుకొన్న పేరు 'మిక్సింగు'. మిక్సింగు చేయువానికి ఏ వరుసకు ఏ పాట వేయవలెనో, మేనమామ ఎవరో, ఏ ముత్తయిదువ కనబడకున్న ఏ ఇంటివారు నొచ్చుకొందురో తెలియును. ఈ తెలివి ఏ పుస్తకములోను లేదు. ఊరిలో ఉండుట వలన వచ్చినది.

యంత్రము చేయు మేలు

ఒక పెళ్లిని మూడు కెమెరాలతో ఆరేసి గంటలు తీసిరనుకొందము. మొత్తము 18 గంటలు. సెకనుకు 25 బొమ్మల చొప్పున లెక్కించినచో అవి 16 లక్షల 20 వేల బొమ్మలు. వీటినన్నిటిని మనిషి కూర్చుండి చూడవలెనన్న కన్నులు కాయలు కాయును. ఈ చాకిరిలో కృత్రిమ మేధ నిజముగా సహాయకారి.

అది పనిచేయు తీరు ఇట్టిది. కంప్యూటరునకు లక్షలాది బొమ్మలను, వాటిలో ఏమున్నదో తెలుపు పేర్లతో సహా చూపుదురు. తప్పు చెప్పినప్పుడెల్ల దానిలోని అంకెలు కొద్దికొద్దిగా సవరింపబడును. ఇట్లు కోట్ల పర్యాయములు సవరింపబడిన పిమ్మట అది తాను మునుపు చూడని బొమ్మలో సయితము ముఖమేదో, చెట్టేదో, పల్లకి ఏదో గుర్తించును. 2012 తరువాత ఈ విద్య మిక్కిలి వేగముగా పెరిగినది. కూర్పు పరికరములలో అది 2019 నుండి విరివిగా కనబడజొచ్చెను. డావించి రిజాల్వ్, ప్రీమియర్ అను రెండు ప్రసిద్ధ పరికరములలోను ఆ సంవత్సరముననే ఇట్టి సౌకర్యములు చేరినవి.

షాటు ఎక్కడ మారినదో యంత్రము పట్టుకొనును. ఫలానా ముఖము ఉన్న షాటులన్నిటిని ఒకచోట చేర్చును. మూడు కెమెరాలలో పడిన సన్నాయి ధ్వనిని పోల్చి మూడింటిని ఒకే కాలమునకు సరిపెట్టును. మాటలను అక్షరములుగా మార్చి చూపును. 2023 నుండి ప్రీమియర్ వంటి పరికరములలో ఆ అక్షరములలో ఒక వాక్యమును కొట్టివేసిన చాలును, దానికి సంబంధించిన దృశ్యము కూడ తొలగిపోవును. వారము పట్టు పని ఒక రోజులో ముగియును. ఒక్కడే నడుపుకొను చిన్న దుకాణమునకు ఇది సామాన్యమైన మేలు కాదు. నిద్ర మాని రాత్రులు కూర్చుండు కుర్రవానికి ఈ విశ్రాంతి లభించుట ఎవరును కాదనరాదు.

అయితే ఈ మేలు తెలుగువానికి పూర్తిగా అందుట లేదు. ఓపెన్ ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన విస్పర్ అను మాటలు వ్రాయు పరికరము 6 లక్షల 80 వేల గంటల ధ్వనితో శిక్షణ పొందినది. అందు తెలుగు మాటకు తెలుగు వ్రాతను జతపరచి నేర్పిన భాగము ఐదు గంటలకు లోపే. పిమ్మట మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ పరిశోధకులు భారతీయ భాషల ధ్వనులను విస్తారముగా సేకరించుట వలన పరిస్థితి మెరుగుపడినది. అయినను పత్రికలో చదువు తెలుగు వేరు, రాజోలు సంతలో వినబడు తెలుగు వేరు. తడబాటులను, ఊతపదములను తొలగించు మీట ఒకటి ఈ పరికరములలో కలదు. కోనసీమవాడు పెద్దల మాటకు బదులుగా పలుకు 'ఆయ్' అను మాటలో అంగీకారము, గౌరవము రెండును కలవు. ఆ సంగతి నేర్పని యంత్రము దానిని ఊతపదముగా ఎంచి కోసివేయవచ్చును. అప్పుడు వీడియోలోని మనుమడు తాతకు బదులు చెప్పని పొగరుబోతుగా మిగులును.

ఏరుటలోని దోషము

కూర్పులో కష్టమైనది కోయుట కాదు, ఏది ఉంచవలెనో నిర్ణయించుట. ఇక్కడనే యంత్రము యొక్క తీర్పును పరిశీలింపవలెను.

మంచి ఘట్టములను తానే ఏరు పరికరము దేనిని బట్టి ఏరును? ధ్వని పెద్దదగుట, కదలిక హెచ్చగుట, ముఖములు దగ్గరగా కనబడుట, నవ్వులు వినబడుట వంటివి దాని గుర్తులు. లోకములో జనము ఎక్కువగా చూచిన చిన్న వీడియోల నుండి నేర్చినచో ఈ గుర్తులు మరింత బలపడును. ఫుట్‌బాలు ఆటకు ఇవి సరిపోవచ్చును. అక్కడ గోలు పడినప్పుడే కేకలు పుట్టును. కౌశిక గట్టుపై అట్లు కాదు. అక్కడ అతి ముఖ్యమైన క్షణమున కదలిక ఉండదు. అప్పగింతల వేళ తండ్రి మాట రాక నిలిచిపోవును. ఆ నిలుపులో ధ్వనియు లేదు, కదలికయు లేదు. యంత్రపు కొలతలో ఈ రెండింటి విలువ సున్న.

రెండవది చట్రము సంగతి. అడ్డముగా తీసిన దృశ్యమును ఫోనుకు తగినట్లు నిలువుగా కోసి ఇచ్చు సౌకర్యము ఇప్పుడు సర్వసాధారణము. అడ్డము 16 పాళ్లు, నిలువు 9 పాళ్లు ఉన్న దృశ్యము నుండి నిలువు చట్రమును కోసినచో మూడింట ఒక వంతు కంటె తక్కువ భాగమే మిగులును. ప్రభ స్వయముగా నిలువుగా ఉండునది గనుక ఈ చట్రము దానికి అమరును అనిపించును. ఒంటరి ప్రభకు అది నిజమే. కాని కౌశికను దాటు దృశ్యము అడ్డముగా విస్తరించినది. వెనుక వదలి వచ్చిన గట్టు, ముందు చేరవలసిన గట్టు, నడుమ నీటిలో మునిగి మోయు మనుష్యులు ఒకేసారి కనబడిననే అపాయమెంతో చూపరికి తెలియును. యంత్రము కదులుచున్న పెద్ద వస్తువును, లేదా కెమెరాకు దగ్గరగా ఉన్న ముఖమును వెంబడించును. నల్లకళ్లద్దముల యువకుడొకడు ముందు నిలిచి చేయి ఊపెనా, రుద్రుని కంటె అతడే దానికి ముఖ్యుడగును.

మూడవది ధ్వని. మాటను నిలిపి తక్కిన రొదను తొలగించు పరికరము అద్భుతమైనదే. గాలి హోరులో తీసిన ముఖాముఖిని అది కాపాడగలదు. కాని మాటయే ధ్వని, తక్కినదంతయు రొద అను సూత్రముపై అది నిర్మింపబడినది. తీర్థములో డప్పు, సన్నాయి, గంట, దూరమున కలిసిపోయిన వేయి గొంతులు రొద కావు. అవే తీర్థము. వాటిని తుడిచివేసిన పిమ్మట మిగిలిన మాట స్పష్టముగానే వినబడును, కాని అది ఏ ఊరిలోనిదో తెలియదు.

ఈ మూడు దోషములకు మూలమొకటే. యంత్రము నేర్చిన ఉదాహరణములలో కోనసీమ బహు స్వల్పముగా ఉన్నది. అది చూడని దానిని విలువ కట్టలేదు.

లేనిదానిని పుట్టించుట

ఏరుటలోని దోషమును మనిషి మరల దిద్దుకొనవచ్చును; మూలచిత్రము ఉన్నంతవరకు పోయినదేమియు లేదు. ఇంతకంటె గంభీరమైనది మరొకటి కలదు. ఈ పరికరములు చిత్రములో లేనిదానిని కూడ పుట్టించుచున్నవి.

సెకనుకు 25 బొమ్మలుగా తీసిన దృశ్యమును నాలుగింతలు నెమ్మదింపవలెనన్న సెకనుకు 100 బొమ్మలు కావలెను. ఉన్నవి 25. తక్కిన 75 బొమ్మలను యంత్రము ఊహించి గీయును. అనగా తెరపై కనబడు ప్రతి నాలుగు బొమ్మలలో మూడు కెమెరా చూడనివి. పెండ్లికూతురి తలపై తలంబ్రాలు నెమ్మదిగా జారుట ఇంపుగానే ఉండును. నీటిలో జారిన మనిషి కాలు ఎట్లు జారినదో తెలిసికొనవలసి వచ్చినప్పుడు ఆ ఊహ పనికిరాదు.

పాత టేపుల సంగతి మరింత ఆలోచింపదగినది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండెను. 1996 నవంబరు 6న పెను తుఫాను కోనసీమపై విరుచుకుపడి వేల ఎకరముల కొబ్బరిని నేలకూల్చెను. ఆ రోజులు వీడియో టేపుల కాలము. ఉప్పుగాలి, తేమ తగిలి బూజు పట్టిన టేపులలో ఆ దృశ్యములు, ఆనాటి పెళ్లిళ్లు, నేడు లేని పెద్దల ముఖములు ఉన్నవి. వాటిని కంప్యూటరులోనికి ఎక్కించినప్పుడు బొమ్మకు అడ్డము 720, నిలువు 576 చుక్కలు వచ్చును. మొత్తము 4,14,720. నేటి పెద్ద తెరకు 3,840 అడ్డము, 2,160 నిలువు, అనగా 82,94,400 చుక్కలు కావలెను. ఇది సరిగా 20 రెట్లు. పాత టేపును ఈ ప్రమాణమునకు 'మెరుగుపరచిన' యంత్రము ప్రతి 20 చుక్కలలో 19 తానే నింపును.

ఎట్లు నింపును? తాను నేర్చిన ఇతర ముఖములను బట్టి నింపును. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయము వారి పల్స్ అను పరికరమునకు మాజీ అధ్యక్షుడు ఒబామా యొక్క మసక బొమ్మను ఇచ్చినప్పుడు అది స్పష్టమైన తెల్లవాని ముఖమును తయారు చేసి ఇచ్చుట ప్రపంచమంతట చర్చకు వచ్చెను. యంత్రము అబద్ధమాడవలెనని చేయలేదు. మసక చుక్కలకు సరిపోవు ముఖములు అనేకములుండగా తనకు అలవాటైన దానిని ఎంచుకొనెను. కోనసీమలోని ఒక ఇంటిలో గతించిన తల్లి మసక ముఖమునకు ఇట్లే వన్నె పెట్టినచో బుగ్గపై మచ్చ పోవచ్చును, పంటివరుస మారవచ్చును, ముడుతలు మాయమగవచ్చును. పిల్లలు ఆ స్పష్టతకు సంతోషింతురు. కొన్ని ఏండ్లకు ఆ ముఖమే తల్లి ముఖమని జ్ఞాపకములో స్థిరపడును. అసలు ముఖమును ఎరిగినవారు ఒక్కొక్కరుగా వెళ్లిపోయిన పిమ్మట దిద్దుబాటు చెప్పువారెవరు?

తెలుగువారు ఇట్టి ప్రశ్నను ఇంతకు మునుపే ఒకసారి ఎదుర్కొనిరి. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణమున నలుపు తెలుపులలో వచ్చిన 'మాయాబజార్'ను హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు రంగులలోనికి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసిరి. 165 మంది ఎనిమిది నెలలు ఆ పనిలో ఉండిరి. నాటి చట్రమును వెడల్పు తెరకు తగినట్లు మార్చిరి. రంగులు బాగున్నవని కొందరు, బార్ట్‌లీ వెలుగునీడలు చెడినవని కొందరు అనిరి. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర పట్టుచీర నలుపు తెలుపు బొమ్మలో ఒకే బూడిద రంగుగా పడవచ్చును గనుక అసలు రంగు బొమ్మలో లేదు. ఎవరో ఒకరు నిర్ణయింపవలసినదే. అయితే ఆనాడు నిర్ణయించినవారు మనుష్యులు. ఇది రంగులద్దిన ప్రతి అని ముందుగానే ప్రకటించిరి. పాత ప్రతి అట్లే నిలిచియున్నది. ఇష్టమైనవారు దానినే చూచుచున్నారు. ఈ మూడు రక్షలు నేటి ఫోనులోని మీటకు లేవు. అది గంటలో రంగులద్దును, ఎవరు నిర్ణయించిరో చెప్పదు, ముద్ర వేయదు.

ఆ సినిమాలోనే ప్రియదర్శిని అను పేటిక ఒకటి కలదు. తెరచినవారికి ఏది ప్రియమో దానినే అది చూపును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతికి నగలు కనబడిరి. చూచువారు దానిని ఆటవస్తువుగా ఎరిగియే చూచిరి గాని సాక్ష్యముగా ఎంచలేదు. కూర్పు పరికరములు నేడు ప్రియదర్శినులగుచుండగా, వాటి నుండి వచ్చిన వీడియోలను జనము సాక్ష్యములుగనే చూచుచున్నారు. చిక్కు ఇక్కడ ఉన్నది.

సాక్ష్యము ఎవరికి?

రాజోలు, మలికిపురము, మామిడికుదురు ప్రాంతముల నుండి వేలాది స్త్రీపురుషులు కువైటు మొదలగు గల్ఫు దేశములకు పనికై పోయియున్నారు. చెల్లెలి పెళ్లికి, తండ్రి అంత్యక్రియలకు సయితము రాలేనివారు వారిలో ఎందరో. ఒకప్పుడు వారికి టేపులు, తరువాత సీడీలు పోయెడివి. నేడు ఫోనుకే పోవుచున్నది. ఇంటి దగ్గర ఉన్నవారికి వీడియో ఒక వేడుక. దూరమున ఉన్న ఆమెకు అదియే ఆ రోజు అంతయు. ఏడ్చిన అమ్మను నవ్వు ముఖముతో చూపు మెరుగు ఆమెకు మేలు చేసినట్లా? ఏదో వెలితిగా ఉన్నదని ఆమెకు తోచినను, అక్కడ లేనందున సరిపోల్చుకొను దారి లేదు.

వరదల కాలమున ఈ ప్రశ్న ప్రాణముల వరకు పోవును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి పొంగి లంక గ్రామములను ముంచెత్తినది. నీరు ఎంతవరకు వచ్చినదో చూచి ఇల్లు విడుచుటయో, ఉండుటయో తేల్చుకొనవలసిన రాత్రి ఫోనులోనికి వచ్చిన వీడియోలో గట్టు ఎత్తు నిజమైనదై ఉండవలెను. 2025 నుండి ప్రీమియర్ పరికరము షాటు చివర చాలని రెండు సెకనులను తానే కల్పించి కలుపుచున్నది. పాటల వీడియోలో ఆ రెండు సెకనులకు దోషము లేదు. వరద వీడియోలో వాటికి చోటు లేదు.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖమును మరొక స్త్రీ వీడియోకు అతికి ప్రచారము చేసిన ఘటన దేశమంతట ఆందోళన కలిగించెను. కృత్రిమముగా పుట్టించిన దృశ్యములకు ముద్ర ఉండవలెనని కేంద్ర ప్రభుత్వము 2025 అక్టోబరులో ముసాయిదాను ప్రకటించి, 2026 ఫిబ్రవరిలో నియమములను వెలువరించెను. చట్టము ఇట్టి పెద్ద మోసములను పట్టుకొనగలదు. పోయిన 'ఆయ్'ని, మాయమైన నిలుపును, మారిన పంటివరుసను పట్టుకొనుట దానికి సాధ్యము కాదు. ఆ బాధ్యత కూర్చువానిదే.

కూర్చువాని కర్తవ్యము

ఈ విచారము వలన తేలునది ఒకటి. యంత్రమునకు చాకిరిని అప్పగించుట మంచిది, తీర్పును అప్పగించుట మంచిది కాదు. వెదకుట, వేరుపరచుట, కాలము సరిపెట్టుట, వ్రాతలోనికి దించుట చాకిరి. ఏది ఉంచవలెను, ఎంతసేపు ఉంచవలెను, దేనిని మెరుగుపరచరాదు అనునవి తీర్పులు. మొదటివానిలో యంత్రము తప్పినను దిద్దుకొనవచ్చును. రెండవవానిలో తప్పినట్లు కూడ తెలియదు.

ఆచరణలో ఇది కష్టము కాదు. మూలచిత్రమును చెరపక ఒక ప్రతి భద్రపరచవలెను. పాత టేపును ఎక్కించినప్పుడు మెరుగుపరచని ప్రతిని కూడ ఇంటివారికి ఈయవలెను. కల్పించిన బొమ్మలున్న చోట తెరపై ఒక మాట వ్రాయవలెను. యంత్రము ఏరిన ముక్కలను చూచుటతో ఆగక, అది పారవేసిన వానిని కూడ ఒకసారి త్రిప్పి చూడవలెను. గట్టుపై నిలుపు దొరకునది అందులోనే.

మిక్సింగు దుకాణములు మూతపడునా అని కొందరు భయపడుచున్నారు. మీట నొక్కుట మాత్రమే తెలిసినవానికి ఆ భయము న్యాయమే, మీట ఇప్పుడు అందరి చేతిలోను ఉన్నది. మేనమామ ఎవరో తెలిసినవానికి, కౌశిక గట్టుపై ఎంతసేపు ఆగవలెనో తెలిసినవానికి పని పోదు. రాబోవు కనుమనాడు కూడ ప్రభ ఆ గట్టుపై ఆగును. అక్కడికి రాలేని కువైటులోని ఆడపడుచు కొరకు ఆ పది సెకనులను కోయక ఉంచగలవాడే నేర్పరియగు కూర్పరి.